కీనోట్ వక్తకు కావలసింది గొంతు ఒక్కటేనా?

రెండేళ్ల కిందట కోల్‌కతాలో ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ తన వార్షిక వ్యాపార సదస్సుకు కీలకోపన్యాసం చేసే వక్తను వెతుకుతోంది. ఆ ఎంపిక కమిటీలో నేనూ ఒకడిని. సదస్సు అంశం తోలు వస్తువుల ఎగుమతులు. చివరికి మా ముందు రెండు పేర్లు మిగిలాయి.

ఒకాయన దేశమంతా తిరిగి స్ఫూర్తి ప్రసంగాలు చేసే ప్రముఖుడు. విమాన టికెట్లు, స్టార్ హోటల్ గది, పెద్ద పారితోషికం. ఇంగ్లీషు ధారాళం. రెండో ఆయన నగర శివార్లలోని బాన్‌తలా తోలు పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ నడుపుతాడు. పర్సులు, చేతి తొడుగులు కుట్టించి పెద్ద ఎగుమతిదారులకు సరఫరా చేస్తాడు. తండ్రి బీహార్ నుంచి వలస వచ్చి టాంగ్రా టానరీల్లో తోళ్లు మోసిన దళితుడు. ఈ రెండో పేరు తెచ్చింది మా కమిటీలోని ఒక యువ అధ్యాపకురాలు.

చర్చ పది నిమిషాలైనా సాగలేదు. 'ఆయన వేదికను నిలబెట్టగలడా?' అని ఒకరు, 'స్పాన్సర్లు ఏమంటారు?' అని ఇంకొకరు అడిగారు. 'ఆయన్ని మధ్యాహ్నం ఒక పావుగంట పిలుద్దాం, కష్టపడి పైకొచ్చిన కథ చెబుతాడు, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది' అని మూడో వారు దయ చూపించారు. చేతులు ఎత్తమన్నారు. నేను ప్రముఖుడి వైపు ఎత్తాను.

నేనెవరో చెప్పకపోతే ఈ మాటకు బరువు తెలియదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత లందలో తోళ్లు నానబెట్టి, తంగేడు చెక్కతో శుద్ధి చేసి, చెప్పులు కుట్టేవాడు. ఆయన ఆరె, రంపె ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. తోలు గురించి మాట్లాడే సభలో, తోలు తెలిసిన మనిషిని కాదని నేను చెయ్యి ఎత్తాను. కమిటీలో నా కుర్చీ కొత్తది. దాన్ని కాపాడుకోవాలనిపించింది. అంతకు మించిన కారణం లేదు.

సదస్సు రోజున ప్రముఖుడు నలభై ఐదు నిమిషాలు మాట్లాడాడు. హాలు నవ్వింది, చప్పట్లు కొట్టింది, లేచి నిలబడింది. వారం తర్వాత క్లాసులో విద్యార్థులను అడిగాను: ఆయన చెప్పిన దాంట్లో తోలు గురించి మీకు గుర్తున్న ఒక్క మాట చెప్పండి. ఒక్కరూ చెప్పలేకపోయారు. డేగ రెక్కల కథ ఒకటి అందరికీ గుర్తుంది. అదే కథ సిమెంటు కంపెనీ సదస్సులోనూ చెప్పొచ్చు, బ్యాంకు సదస్సులోనూ చెప్పొచ్చు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వ్యాపార సదస్సులో కీనోట్ వక్త సమర్థుడా కాదా అని తేల్చేది ఏమిటి? ఈవెంట్ సంస్థలు చెప్పే జాబితా మనకు తెలిసిందే: ఆత్మవిశ్వాసం, కథ చెప్పే నేర్పు, హాస్యం, సమయపాలన, శ్రోతల నాడి పట్టుకోవడం. వీటిని నేను తీసిపారేయను. గొణుగుతూ కాగితం చదివే మనిషి ఎంత విలువైన విషయం తెచ్చినా హాలు నిద్రపోతుంది. కానీ ఇవన్నీ చెప్పే పద్ధతికి సంబంధించినవి. చెప్పే సంగతి గురించి ఆ జాబితాలో ఏమీ లేదు. నా దృష్టిలో కీనోట్‌కు పరీక్ష ఒక్కటే: ఆ హాల్లో కూర్చున్నవారికి తెలియాల్సి ఉండీ వినడానికి ఇష్టపడని ఒక నిజాన్ని, వారు కాదనలేనంత ఆధారంతో చెప్పి, వారి చేతిలో ఉన్న ఒక నిర్ణయాన్ని అడగడం. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్లిన మనిషి ఒక్క పనైనా వేరుగా చేయాలి. ఏదీ మారకపోతే అది వినోద కార్యక్రమం.

ఈ కొలతకు సరిపోయే ప్రసంగం కోసం విదేశీ వీడియోలు వెతకనక్కర్లేదు. అది ఈ నగరంలోనే జరిగింది. కలకత్తా పాతకాలం నుంచీ వ్యాపార ప్రసంగాల ఊరు. బ్రిటిష్ కంపెనీల ఛాంబర్లు ఇక్కడే పుట్టాయి. బిర్లా వంటి భారతీయ వ్యాపారులు 1925లో ఇండియన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నదీ ఇక్కడే. డిసెంబరులో అసోసియేటెడ్ ఛాంబర్స్ వార్షిక సమావేశానికి వైస్రాయి స్వయంగా వచ్చి ప్రసంగించే ఆనవాయితీ ఉండేది. అయితే నేను చెప్పదలచిన ప్రసంగం ఆ వరుసలోది కాదు. 1945 జనవరి 3న కలకత్తాలోని బెంగాల్ సచివాలయంలో దామోదర్ నది మీద జరిగిన సమావేశాన్ని ప్రారంభిస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్ చేసిన ప్రసంగం అది. అప్పుడాయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆయన శాఖ కిందే ఉండేవి.

అది వ్యాపార సదస్సు కాదు, నిజమే. కేంద్రం, బెంగాల్, బీహార్ ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చున్న సమావేశం. కానీ కీలకోపన్యాసం చేయాల్సిన పని ఏమిటో అక్కడ చూడొచ్చు. 1943 వరదలో దామోదర్ గట్టు తెగి, రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు దెబ్బతిని, కలకత్తాకు ఉత్తర భారతంతో రాకపోకలు ఆగిపోయాయి. అది బెంగాల్ కరువు కాలం. ఆ వరద మీద బర్ద్వాన్ మహారాజు అధ్యక్షతన వేసిన విచారణ సంఘంలో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా ఉన్నారు. కులం పేరిట అవమానాలు పడి ఎదిగిన శాస్త్రవేత్త ఆయన. అమెరికాలోని టెనెస్సీ లోయ పద్ధతిని దామోదర్‌కు తేవాలన్న వాదనకు ఆయన రాతలు బలమిచ్చాయి.

ఆ నేపథ్యంలో అంబేడ్కర్ ఏం చేశారో గమనించండి. మొదట లోపం ఎక్కడుందో చెప్పారు: రాష్ట్రాల సరిహద్దులు దాటి పారే నదిని, ఒక్కో రాష్ట్రానికి చెందిన సంగతిగా చూసే పాత పద్ధతి వల్ల నష్టం జరిగిందన్నారు. ఆ గదిలో కూర్చున్నవి రెండు రాష్ట్ర ప్రభుత్వాలు. వారి ముందే ఆ మాట అన్నారు. రెండోది, ప్రతిపాదనను స్పష్టంగా పెట్టారు: ఒక్క వరద నివారణ కోసమే కాకుండా సాగునీరు, జల రవాణా, విద్యుత్తు కలిపిన బహుళార్థ ప్రణాళిక కావాలి. మూడోది, దాన్ని ఎవరు నడపాలో చెప్పారు: కేంద్రం, రెండు రాష్ట్రాలు భాగస్వాములుగా ఉండే ఒక ప్రత్యేక సంస్థ. నాలుగోది, ఆ దామోదర్ సమావేశాల పరంపరలోనే, ప్రాజెక్టు ఫలితం లోయలో బతికే అట్టడుగు మనిషి దాకా చేరాలని, అందుకు తగిన ఏర్పాటు ముందే ఉండాలని గుర్తు చేశారు. చివరికి 1948లో రాజ్యాంగ సభ చేసిన చట్టంతో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం నేటికీ కోల్‌కతాలోనే ఉంది.

ఆ ప్రసంగంలో డేగ లేదు. తన జీవిత కష్టాల కథ కూడా లేదు. స్కూల్లో గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవాడి జ్ఞాపకం ఆ గదిని కన్నీళ్లు పెట్టించి ఉండేది. అంబేడ్కర్ దాన్ని అక్కడ ఖర్చు పెట్టలేదు. ఆయన అక్కడ నిలబడింది విషయం తెలిసిన మనిషిగా. రూపాయి సమస్య మీద లండన్‌లో డాక్టరేట్ చేసి 1923లో పుస్తకం అచ్చు వేయించిన ఆర్థికవేత్త ఆయన, 1925లో కరెన్సీ మీద రాయల్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చిన మనిషి. 1943 అక్టోబరులో యుద్ధానంతర విద్యుత్తు విధానం మీద మాట్లాడినప్పుడు కూడా ఆయన అడిగిన మౌలిక ప్రశ్న ఇదే: కరెంటు మనకు ఎందుకు? పేదరికపు గిర్రలోంచి జనాన్ని బయటపడేయడానికి పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకు చౌకగా, సమృద్ధిగా కరెంటు కావాలి. ఇంజినీర్లు యంత్రాల లెక్కల్లో ఉండగా, ఆ లెక్క ఎవరి కోసమో చెప్పడమే కీనోట్.

ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. ఆయన చెప్పిన నాలుగో మాటను ఆ తర్వాత వచ్చినవారు నిలబెట్టలేదు. దామోదర్ ఆనకట్టల కింద భూములు పోగొట్టుకున్నవారిలో సంతాల్ ఆదివాసులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1959 డిసెంబరు 6న పంచెట్ ఆనకట్ట ప్రారంభోత్సవానికి నెహ్రూ వచ్చినప్పుడు, అక్కడ పనిచేసే బుధ్నీ మేఝాన్ అనే సంతాల్ అమ్మాయి చేత మీట నొక్కించారు. ఆమె ప్రధానికి దండ వేసి స్వాగతం పలికింది. దండ వేసింది కాబట్టి ఆయనతో పెళ్లయినట్టేనని ఆమె ఊరు ఆమెను వెలివేసింది. 1962లో ఆ ఉద్యోగం కూడా పోయింది. ఆమె 2023లో చనిపోయింది. వేదిక మీద ఆమె ఫోటోలు దేశమంతా చూసింది. లోయలో భూములు ఎలా పంచాలి, నిర్వాసితులకు ఏం ఇవ్వాలి అన్న సమావేశాల్లో ఆమె లాంటివారికి కుర్చీ లేదు.

వేదిక ఎక్కించడం వేరు, వేదికను అప్పగించడం వేరు. మా కమిటీ బాన్‌తలా వ్యాపారికి ఇవ్వజూపిన 'మధ్యాహ్నం పావుగంట' మొదటి రకానిది. దళితుడిని పిలిచి కష్టాలు చెప్పమంటారు, కళ్లు తుడుచుకుంటారు, శాలువా కప్పుతారు. తోలు ధర గురించి, రసాయనాల గురించి, ఆర్డర్ల గురించి మాట్లాడటానికి మళ్లీ వేరే మనుషులు వస్తారు. ఆయనకు అనుభవం ఉందంటారు, జ్ఞానం మాత్రం తమదంటారు. కులం పని విభజన కాదు, పనిచేసేవారి విభజన అని అంబేడ్కర్ చెప్పిన సంగతి సదస్సుల కార్యక్రమ పట్టికలో కూడా కనిపిస్తుంది.

ఇది ఒక కమిటీ దోషం అనుకుంటే పొరపాటు. 2012లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో అజిత్, డాంకర్, సక్సేనా అనే ముగ్గురు పరిశోధకులు దేశంలోని 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల కుల నిర్మాణాన్ని లెక్కగట్టారు. 9,000కు పైగా సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాల వారు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఓబీసీలు 3.8 శాతం. కీనోట్ వక్తలను పిలిచేది ఈ బోర్డుల మనుషులను, వారికి తెలిసినవారిని, వారు మెచ్చినవారిని. ఒకసారి పిలిచినవారి వీడియో ఉంటుంది. వీడియో ఉన్నవారినే మళ్లీ పిలుస్తారు. వీడియో లేనివాడికి 'వేదిక అనుభవం లేదు'. దీన్నే మనం ప్రతిభ అంటున్నాం.

'వ్యాపార సదస్సు ధర్నా చౌక్ కాదు, డబ్బు పెట్టినవాడు వినాలనుకున్నదే వినిపించాలి' అని నా సహోద్యోగులు అంటారు. వారి వాదనను వారి భాషలోనే పరిశీలిద్దాం. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కలకత్తా టానరీలను నగరం నుంచి తరలించమని తీర్పు ఇచ్చింది. టాంగ్రా, తిల్జలా, తోప్సియా, పగ్లా డాంగా ప్రాంతాల్లోని ఐదు వందలకు పైగా టానరీల భవిష్యత్తు ఒక్క తీర్పుతో మారింది. బాన్‌తలా పారిశ్రామికవాడ అలా నిండింది. ఆ మురికినీరు ఎటు పోతోందో, ఏ డ్రమ్ములో ఏ రసాయనం కలుపుతున్నారో మొదట తెలిసేది అందులో చేతులు పెట్టినవారికే. వారి మాట ఏ సభలోనైనా ముందే వినపడి ఉంటే యజమానులకు కూడా మేలు జరిగేది. తన సరుకు ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలియని వ్యాపారి నష్టపోతాడు. వినాలనుకున్నది మాత్రమే వినిపించే వక్త అతడికి చేసే మేలు ఏమీ లేదు.

మనవైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దళితుడిగా పుట్టినంత మాత్రాన ఎవరూ మంచి వక్త కారు. 'మనవాడు' అని వేదిక ఎక్కిస్తే, సిద్ధపడకుండా వచ్చి గంటసేపు నినాదాలు ఇచ్చి వెళ్లినవారిని నేను చూశాను. అలాంటి ప్రసంగం తర్వాత మరో పదేళ్లు మరొకరిని పిలవరు. ఇది అన్యాయమే, ఎందుకంటే ప్రముఖుల చెత్త ప్రసంగాల భారం వారి కులం మీద పడదు. అయినా మనకున్న ఆయుధం సిద్ధపాటే. బాబాసాహెబ్ ప్రతి సభకూ అంకెలతో వెళ్లారు.

ఈ ఏడాది నేను మళ్లీ ప్రయత్నించాను. పెద్ద సదస్సు కాదు, మా విభాగం నిర్వహించిన ఒకరోజు సమావేశం. స్థానిక ఎగుమతిదారులు, కొనుగోలు మేనేజర్లు, విద్యార్థులు కలిపి ఓ నూట ఇరవై మంది. కీనోట్‌కు బాన్‌తలా వ్యాపారి పేరు నేనే పెట్టాను, ఈసారి వెనక్కి తగ్గలేదు. ఫోన్ చేస్తే ఆయన హిందీలో అడిగిన మొదటి ప్రశ్న:

"నన్ను ఏం మాట్లాడమంటారు సార్? మా నాన్న కష్టాలా, నా బిల్లులా?"

"మీకేది ముఖ్యమో అదే మాట్లాడండి దాదా."

"అయితే బిల్లులు."

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. స్లైడ్లు లేవు. ఒక పర్సు, ఒక చేతి తొడుగు, ఒక పాత ఫైలు తెచ్చాడు. పర్సు విప్పి, అందులో ఎంత తోలు, ఎంత కూలి, ఎంత దారం, తనకు మిగిలేది ఎంత అని లెక్క చెప్పాడు. తర్వాత ఫైలు తెరిచాడు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్ల సరుకు తీసుకున్నవారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటినా చెల్లించని ఆ మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ నోటితోనే చెప్పాడు. ఎవరి పేరూ ఎత్తకుండా, తన ఫైలులోని బిల్లులు ఎన్ని రోజులకు వసూలయ్యాయో చదివాడు. నూట పది. తొంభై ఆరు. నూట నలభై. ఆ రోజుల్లో కుట్టేవాళ్లకు కూలి ఇవ్వడానికి తాను ఏ వడ్డీకి అప్పు తెచ్చాడో కూడా చదివాడు. ఆ కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పనవసరం లేకపోయింది.

చివర ఫైలు మూసి అడిగాడు: "మీలో సరుకు కొనేవాళ్లున్నారు. 45 రోజుల్లో డబ్బు ఇచ్చేవాళ్లు ఎందరో చెయ్యి ఎత్తండి."

హాలు కదల్లేదు. చాలాసేపటికి వెనక వరుసలో రెండు చేతులు లేచాయి. చప్పట్లు ఆలస్యంగా, పల్చగా పడ్డాయి. ఎవరూ లేచి నిలబడలేదు. టీ విరామంలో ఒక కొనుగోలు మేనేజర్ ఆయన దగ్గరికి వచ్చి రిజిస్ట్రేషన్ నంబరు రాసుకున్నాడు. మరొకాయన మా విభాగాధిపతిని పక్కకు పిలిచి, 'ఇలాంటివారిని పిలిస్తే మళ్లీ మేం రాం' అన్నాడు. నా కొలత ప్రకారం రెండూ ఆ ప్రసంగం సమర్థతకు రుజువులే. వారం తర్వాత క్లాసులో పాత ప్రశ్నే అడిగాను. 45 అని ముప్పై గొంతులు ఒక్కసారి అన్నాయి.

ఈ వ్యాసం చదివే విద్యార్థుల్లో కొందరు రేపు ఇలాంటి కమిటీల్లో కూర్చుంటారు. వక్త పేరు ముందుకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: ఈ విషయంలో ఈయనకు ప్రత్యక్షంగా తెలిసింది ఏమిటి? ఇదే ప్రసంగం వేరే పరిశ్రమలో కూడా చెల్లుతుందా? చెల్లితే అది ఇక్కడికి పనికిరాదు. హాల్లో ఉన్నవారిని ఈయన ఏ నిర్ణయం అడుగుతాడు? ఆ నిర్ణయం వల్ల బతుకు మారేవారిలో ఒకరైనా ఈ కార్యక్రమ పట్టికలో, శాలువా కోసం కాకుండా మాట కోసం, ఉన్నారా?

మరికొందరిని వేదికకే పిలుస్తారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల నుంచి తీసుకోవాలన్న 2012 విధానం ఉంది. అలాంటి వాటి మీద మాట్లాడటానికి పిలిస్తే అంకెలతో వెళ్లండి. కష్టాల పావుగంటకు పిలిస్తే కీనోట్ అడగండి. ఇవ్వకపోతే రానని చెప్పండి. మన తాతల కథ మనది. దాన్ని ఎప్పుడు, ఎవరి ముందు విప్పాలో మనమే నిర్ణయించుకోవాలి.

కమిటీ వచ్చే నెల మళ్లీ కూర్చుంటుంది. ఈసారి పెద్ద సదస్సుకే. రెండేళ్ల కిందట ఆయన పేరు తెచ్చిన ఆ యువ అధ్యాపకురాలు ఇంకా కమిటీలోనే ఉన్నారు. ఆ రోజు ఆమె వైపు లేచింది ఆమె చెయ్యి ఒక్కటే. ఈసారి రెండు లేస్తాయి.

జై భీమ్.